వంపు దాటాక మెట్టు

నెబాజావా
ఫిబ్రవరి 18

చెల్లి చిజురుకు,

ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. పెరట్లో ముల్లంగి పూడ్చిన గుంట మీద మోకాలి లోతు ఉంది. నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు రోజూ వేసుకుంటున్నాను.

ఒక సంగతి అడగాలి. ఫోను చేద్దామంటే నా చెవుల సంగతి నీకు తెలిసిందే. ముప్పై ఏళ్ళు అడవిలో రంపం మోగిన చెవులకు ఇప్పుడు ఎదుటి మనిషి పెదవులు కనపడితేగాని మాట అందదు.

పోయిన సెప్టెంబరు తుపానుకు మన మడులకు నీళ్ళు తెచ్చే సొరంగంలో పైకప్పు రాళ్ళు రాలాయి. ఇప్పుడు కింది నోట్లోంచి చిటికెన వేలంత ధార వస్తోంది. మనుషులు లోపలికి వెళ్ళకూడదని ఊరి ఆఫీసువాళ్ళు బోర్డు పెట్టారు. సొరంగం గుండా నల్ల ప్లాస్టిక్ పైపు ఒకటి లాగితే మన మడులకు చాలు. పైపు లాగాలంటే తాడు కావాలి, తాడు లాగాలంటే ముందు సన్న దారమైనా అవతలికి చేరాలి. ఖాళీ సీసాకు దారం కట్టి పైనుంచి నీళ్ళలో వదిలాం. ఎక్కడో చిక్కుకుని తెగింది.

పోస్టాఫీసులో పనిచేసిన కరాసావా గుర్తున్నాడుగా. ఇప్పుడతను ఏటి రాళ్ళ మీద రిమోటు బండ్లు ఎక్కిస్తూ కాలక్షేపం చేస్తున్నాడు. బూట్ల పెట్టె అంత బండి, పెద్ద పెద్ద చక్రాలు. పిల్లి నడిచినట్టు నెమ్మదిగా ఎంత రాయినైనా పాకుతుంది. క్రాలర్ అంటారట. దాని తోకకు దారం కట్టి కింది నోట్లోంచి పంపుదామంటున్నాడు. పై నోటి దగ్గర కొండ విరిగి ఒక్క మనిషి నిలబడేంత చోటే ఉంది. దారం అందుకోవడానికి అక్కడ నేనుంటాను.

అతని బండిలో మోటారు పాతబడింది. కొత్తది కొనాలి. బ్రష్ ఉన్నదా, బ్రష్‌లెస్సా అన్నది తేలడం లేదు. వాళ్ళ జట్టులో సగం మంది ఒకటంటే సగం మంది రెండోదంటారట. "మీ చెల్లెలు మోటార్ల ఫ్యాక్టరీలోనే కదా, అడిగి చూడరాదూ" అన్నాడు.

మే ఇరవై ఐదులోగా నీళ్ళు రాకపోతే ఈ ఏడు నాట్లు లేవు. ఒక్క ఏడు ఎండితే మడి అడుగు మట్టి పగులుతుంది, ఆ తర్వాత ఎన్ని నీళ్ళు పెట్టినా నిలవవు. సాగు చేసేది మూడిళ్ళే. వదిలేద్దామన్న మాట జనవరి సమావేశంలోనే వచ్చింది. ఈ ఏటి నీటి కావలి నాది. నా వంతులో ఆగిపోతే నేను ఊళ్ళో తలెత్తుకోలేను.

లోపల ఎలా ఉంటుందని అందరూ నన్నే అడుగుతున్నారు. చాలా ఏళ్ళయింది, మరిచిపోయాను అన్నాను.

ఇసాము

*

ఒకాయా
ఫిబ్రవరి 27

అన్నయ్యకు,

సరస్సు ఈ ఏడు గడ్డకట్టలేదు. గాలి మాత్రం ఎప్పటిలాగే కోస్తోంది.

నేను ముప్పై ఆరేళ్ళుగా బ్రష్‌లు బిగించేదాన్ని కాబట్టి బ్రష్‌దే కొనమంటానని మీరిద్దరూ అనుకుని ఉంటారు. అలా అనను. బ్రష్ మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించడానికి రెండు కార్బన్ ముక్కలు చెరో వైపు ఆనుకుని ఉంటాయి. రాసుకుంటాయి కాబట్టి అరుగుతాయి. బ్రష్‌లెస్‌లో రాసుకునేదే లేదు. బలం ఎక్కువ, వేడి తక్కువ, అదే బ్యాటరీతో ఎక్కువసేపు నడుస్తుంది. కొలిచి చూసే ఏ పరీక్షలోనైనా అదే గెలుస్తుంది.

దాని లోపం ఒక్కటే. నిలబడ్డచోటి నుంచి మెల్లగా కదలాల్సి వస్తే, తిరిగే భాగం ఎక్కడుందో దానికి తెలియాలి. తెలియకపోతే తడబడుతుంది. అందుకని సెన్సార్ ఉన్నదే కొనమను. సెన్సార్ తీగ తడవకుండా గ్రీజు పెట్టమను.

మరిచిపోయానని చెప్పావా? లోపలికి వెళ్ళినవాళ్ళు కదా మరిచిపోవాల్సింది.

రాసుకో. నా అడుగుల్లో యాభై దాకా తిన్నగా వెళ్తుంది. తర్వాత కుడికి వంపు. వంపులో నీళ్ళు నిలిచి ఉంటాయి, అప్పటి నా పిక్కల దాకా. ఆ తర్వాత అవతలి వెలుతురు. మొత్తం ముప్పై ఐదు బారలకు మించదు. ఇదంతా నీకు గుర్తొచ్చిందని చెప్పు.

చిజురు

*

నెబాజావా
మార్చి 20

చిజురుకు,

ఉత్తరం అందింది. దాన్ని కరాసావాకు చూపించలేదు. చూపించలేను కదా. మోటారు సంగతి వేరే కాగితం మీద ఎత్తి రాసి ఇచ్చాను.

చదివి ఎంత పొంగిపోయాడనుకున్నావు. "చూశావా, బ్రష్‌లు చేసే మనిషే బ్రష్‌లెస్ అంటోంది. మా జట్టులో ఆ నరసాముసలి ఉన్నాడే, వాడికి ఈ కాగితం చట్రం కట్టించి ఇస్తాను" అన్నాడు. నరసాముసలి ఎవరని అడిగాను. నరాయ్ ఊరి నుంచి వచ్చే ఒక ముసలాయనకు ఇతను పెట్టిన పేరట. ఇతనికంటే రెండేళ్ళు చిన్న.

మోటారు వచ్చింది. ఏటి ఒడ్డున చూశాను. మంచమంత ఎత్తు బండరాయిని చప్పుడు లేకుండా ఎక్కేసింది. చప్పుడు లేకుండా అని అతనే చెప్పాడు. నాకు ఏదైనా చప్పుడు లేకుండానే ఎక్కుతుంది. ముందు చిన్న దీపం, ఒక కెమెరా పెట్టాడు. చేతిలో పలకంత తెర మీద దారి కనపడుతుంది.

సమావేశంలో వంపు గురించీ నీళ్ళ గురించీ చెప్పాను. తొమెకిచి తాత కళ్ళు మూసుకుని విన్నాడు. తొంభై ఒకటి దాటినా ఆయన ఒప్పుకోనిదే సొరంగం దగ్గర ఏ పనీ మొదలవదు. విన్నాక, "బాగా గుర్తుందే నీకు" అన్నాడు. అంతే.

ఆయన వెనక గోడ మీద సొరంగం దాటినవాళ్ళ పేర్ల పలకలు అలాగే ఉన్నాయి. చివరిది నాది. దాని తర్వాత ఎవరూ దాటలేదు. ఆ గోడకు ఎదురుగా కూర్చోవడం నాకు ఎప్పుడూ అలవాటు కాలేదు.

ఎండు ఖర్జూరంలా గట్టిపడ్డాయి గాని, పోయిన ఏడు ఎండబెట్టిన పెర్సిమన్ పళ్ళు కొన్ని మిగిలాయి. పంపుతున్నాను.

ఇసాము

*

ఒకాయా
ఏప్రిల్ 2

అన్నయ్యకు,

పళ్ళు అందాయి. గట్టిగా ఉన్నా బాగున్నాయి. మధ్యాహ్నం టీతో ఫ్యాక్టరీలో అందరికీ పంచాను. ఇప్పుడు అందరూ అంటే ఐదుగురమే.

నా జ్ఞాపకం నీ పేరు మీద బాగానే చెలామణి అవుతోంది. నిష్ఠూరంగా అనడం లేదు. ఆ ఏడు నీళ్ళు ఆగి, తాడు కట్టుకుని సొరంగం దాటే వంతు నీకు పడ్డ రోజు నీ కోటు, నీ టోపీ అడిగి తీసుకున్నది నేనే. నువ్వు పొద వెనక వాంతి చేసుకుంటున్నావు. తాత కొండమ్మకు సాకే సారా పోస్తూ అటు తిరిగి ఉన్నాడు. ఆడపిల్ల సొరంగంలో అడుగుపెడితే కొండమ్మకు కంటగింపై కొండను కూలుస్తుందని నాకూ భయమే. నీళ్ళు రాకపోతే నాన్న మళ్ళీ కూలికి నగోయా పోతాడన్నది అంతకంటే పెద్ద భయం.

సెన్సార్ తీగకు గ్రీజు పెట్టారా లేదా రాయలేదు. పెట్టమను.

చిజురు

*

నెబాజావా
ఏప్రిల్ 24

చిజురుకు,

బండి అవతలికి చేరలేదు.

మొన్న ఆదివారం కాలవ పూడిక తీశాక పంపాం. నేను గుట్ట ఎక్కి పై నోటి దగ్గర కూర్చున్నాను. రెండు గంటలు చూశాను. ఏమీ రాలేదు. దిగి వచ్చేసరికి కరాసావా బండిని ఒళ్ళో పెట్టుకుని తుడుస్తున్నాడు, జబ్బుచేసిన కుక్కను తుడిచినట్టు.

వంపు దాకా బాగానే వెళ్ళిందట. వంపు తిరగగానే తెర మీద బొమ్మ ఆగిపోయింది. బండి మాత్రం మీట మాట వింటోంది, దారం కదులుతూనే ఉంది. ఇంకో రెండు బారలు పోయాక దారం ఆగింది. ముందుకు నొక్కితే దారం వణికిందట, అంగుళం ముందుకు, అంగుళం వెనక్కి. దారం పట్టుకుని వెనక్కి లాగేశారు. విప్పి చూస్తే సెన్సార్ తీగ కొస ఊడి బురద నిండి ఉంది. గ్రీజు పెట్టాడు. రాళ్ళకు రాసుకుని గ్రీజు పోయింది.

అది ఒకటి. ముందు బంపరు అడ్డంగా నలిగిపోయింది. తిన్నని అంచుకు గుద్దుకుంటేగాని అలా నలగదు. రాలిన రాయి కాదు అది.

"అక్కడ మెట్టు లాంటిది ఉంది. ఇసామూ, నువ్వు చెప్పలేదేం?" అన్నాడు కరాసావా.

అందరూ నా వైపు చూశారు. "చిన్నప్పుడు గెంతేసి ఉంటాను" అన్నాను. నా నోటి నుంచి అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చూసి నాకే ఆశ్చర్యం వేసింది. నలభై తొమ్మిదేళ్ళ సాధన.

అక్కడ మెట్టు ఉందా? నువ్వు రాయలేదు.

ఇంకా నెల ఉంది.

ఇసాము

*

ఒకాయా
ఏప్రిల్ 30

అన్నయ్యకు,

మెట్టు ఉంది. రాయనిది నా తప్పు.

వంపులో నీళ్ళలోకి దిగగానే నా దీపం ఆరిపోయింది. ఆ తర్వాత నేనేదీ చూడలేదు. చూసినట్టు నీకు చెప్పాను, "తిన్నగా ఉంది, తేలికే" అని. ఆ రోజు సాయంత్రం నీ ముఖం చూస్తే ఇంకోలా చెప్పాలనిపించలేదు. తర్వాత నాకే అది నిజమైపోయింది. ఫిబ్రవరిలో నీకు రాసింది ఆ చెప్పిన కథే, తెలిసింది కాదు.

తెలిసింది ఇది. వంపు దాటాక నా మోకాలు రాతి అంచుకు కొట్టుకుంది. జానెడు ఎత్తు, కాస్త ఎక్కువేమో. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, స్నానాల గదిలో జారిపడ్డానని అమ్మకు చెప్పిన మచ్చ. ఎడమ చెయ్యి గోడకు ఆనించి నడిచాను. గోడ పొడుగునా వేళ్ళు పట్టేంత గాడి ఉంది. మెట్టు దగ్గర ఆ గాడి కిందికి దిగి, ఎడమ మూల మెట్టు సగానికి విరిగి, ఏటవాలుగా ఉంది. నేను అక్కడే పాకాను. నడిమధ్యలో ఎక్కలేరు. ఎడమ గోడకు రాసుకుంటూ పోవాలి.

ఇక మోటారు. బ్రష్‌లెస్ మేలని రాసింది అబద్ధం కాదు. వెలుతురులో, తెర చూస్తూ నడిపితే అదే మేలు. వంపు దాటాక మీకు కళ్ళు లేవు. అది మాట్లాడదు. బ్రష్ మోటారు మాట్లాడుతుంది. బరువు పడితే గొంతు మారుతుంది, చక్రం జారితే ఒకలా, ఆగి కాలుతుంటే ఇంకోలా. తీగ ఊడి తడబడే గొడవ లేదు. తడిస్తే కార్బన్లు త్వరగా అరుగుతాయి. అరగనీ. ఒక్క ప్రయాణమేగా.

యాభై ఐదు చుట్ల మోటారు ఒకటి నేనే చుట్టి కార్బన్లు బిగించాను. వేరే పార్సిల్లో వస్తుంది. వేగం ఉండదు, పట్టు ఉంటుంది.

ఇది చేయడానికి తీరిక ఎలా దొరికిందని అడుగుతావు. మే నెలాఖరుకు బ్రష్ విభాగం ఎత్తేస్తున్నారు. డిసెంబరులోనే చెప్పారు. నాకు అరవై నిండాయి కాబట్టి వేరే విభాగం అడగలేదు. ఫిబ్రవరిలో నీ ఉత్తరం వచ్చినప్పుడు ఈ సంగతి నా నెత్తి మీదే ఉంది. బ్రష్‌దే కొనమని రాస్తే, పోతున్న పని మీద మమకారంతో రాసినట్టు ఉంటుందేమోనని అటు మొగ్గాను. అదీ ఒక రకంగా గర్వమే.

ఇంకొకటి. ఆ గొంతు వినడానికి మనిషి కావాలి. నీకు వినపడదు. కరాసావా గారికి తెలియదు. నేను ఆ ముప్పై ఆరేళ్ళలో పదమూడేళ్ళు బయటి మోత చొరబడని చప్పుడు పెట్టెలో కూర్చుని, రోజుకు నాలుగు వందల మోటార్లు చెవితో పరీక్ష చేశాను. నేను కింది నోటి దగ్గర నిలబడాలి.

ఆడది సొరంగం నోటి దగ్గర నిలబడకూడదు. ఎందుకు నిలబడాలో అడిగితే నువ్వేం చెబుతావో నాకు తెలియదు. అది నీ ఇష్టం.

చిజురు

*

నెబాజావా
మే 9

చిజురుకు,

మోటారు అందింది. నా అరచేతిలో పట్టింది. చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను.

నాలుగు రోజులు ఏమీ చేయలేదు. ఐదో రోజు పొద్దున సమావేశం ఇంటికి వెళ్ళి గోడ మీద నా పలక తీసుకుని తొమెకిచి తాత దగ్గరికి పోయాను. ఆయన ఎండలో కూర్చుని కందిరీగ పిల్లలు వేయించినవి నములుతున్నాడు, ఒక్కోటి, పళ్ళు లేని నోటితో.

పలక ఆయన ముందు పెట్టి, "తాతా, ఇది నాది కాదు" అన్నాను.

"మరెవరిది?"

"చిజురుది. ఆ రోజు నేను పొద వెనక దాక్కున్నాను."

నములుతూనే ఉన్నాడు. తర్వాత నా ముఖానికి ఎదురుగా వంగి, నాకు అందేలా నెమ్మదిగా చెప్పాడు.

"ఒరేయ్, సాకే పోసి గుట్ట ఎక్కి పై నోటి దగ్గర తాడు విప్పింది ఎవరనుకున్నావు? నేనే. బయటికి రాగానే కొండమ్మకు టోపీ తీసి దండం పెట్టాలి. తీయరా అంటే ఆ పిల్లాడు రెండు చేతులతో టోపీ పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. నీకు అప్పుడు పేలు పడి బోడిగుండు. బోడిగుండు వాడికి టోపీ కింద జడ ఎందుకుంటుందిరా?"

"తెలిసీ పలక మీద నా పేరు ఎందుకు చెక్కారు?"

"నీళ్ళు వచ్చాయి. కొండ కూలలేదు. కొండమ్మకే పట్టనిది నాకెందుకు? నువ్వొచ్చి చెబుతావనుకున్నా. ఇంత ఆలస్యం చేస్తావనుకోలేదు. నేను పోయుంటే ఎవరితో చెప్పేవాడివి?"

నవ్వాడో తిట్టాడో తెలియలేదు. కందిరీగ పిల్లల గిన్నె నా వైపు తోశాడు. తిన్నాను.

ఆ సాయంత్రం మిగతా రెండిళ్ళకూ వెళ్ళి చెప్పాను. కరాసావా బండి తుడుస్తూ అంతా విన్నాడు. తర్వాత, "అయితే మెట్టు నువ్వు గెంతలేదన్నమాట" అన్నాడు. వెళ్ళేటప్పుడు నా గొడుగు మరిచిపోతే వెనక వచ్చి ఇచ్చాడు.

నీకు ఒకటి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు పొద వెనక నుంచి తాడు చూస్తూ కూర్చున్నాను. మధ్యలో అది చాలాసేపు ఆగిపోయింది. అప్పుడు నేను లేచి నోటి దాకా వెళ్ళాను. లోపలికి అడుగు పెట్టలేదు. నోట్లోకి నీ పేరు పిలవాలనుకున్నాను, పిలిస్తే అందరికీ తెలిసిపోతుందని పిలవలేదు. తర్వాత తాడు రెండుసార్లు గుంజుకుంది. చేరావని అర్థమైంది. ఆ ఆగినప్పుడే నీ దీపం ఆరిందని ఇప్పుడు తెలిసింది.

మే 21 ఆదివారం. రా.

ఇసాము

*

ఒకాయా
మే 24

అన్నయ్యకు,

నువ్వు పై నోటి దగ్గర ఉన్నావు, దిగొచ్చాక అందరూ ఒక్కసారే మాట్లాడారు, నీకు సగం అంది ఉండదు. బస్సుకు వేళ కావడంతో నేనూ చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను.

తొమెకిచి తాతను వీపు మీద మోసుకొచ్చారు. సాకే పోశాక చంకలోంచి ఒక టోపీ తీసి నాకు ఇచ్చాడు. "పెట్టుకో. అమ్మవారికి అలవాటైన వేషమే" అన్నాడు. పెట్టుకున్నాను. దండం పెట్టేటప్పుడు ఈసారి తీశాను. ఆయన చూశాడు.

బండి లోపలికి పోయాక వంపు దాకా సన్నగా పాడుకుంటూ వెళ్ళింది. తెర మీద బొమ్మ పోగానే కరాసావా గారు నా వైపు తిరిగారు. నీళ్ళలో దిగినప్పుడు గొంతు లావైంది. "ఎడమకు, గోడకు రాసుకోనీండి" అన్నాను. రాసుకుంది, గరగర వినపడింది. తర్వాత గుర్రుమని ఒకే చోట.

"ఇంకాస్త నొక్కనా, చిజురు గారూ?"

"వద్దు. కాలుతుంది. మూరెడు వెనక్కి రండి."

మళ్ళీ. మళ్ళీ గుర్రు. రెండోసారి చక్రాలు జారాయి, ఆ చప్పుడు గొంతులో ఈల లాగా వస్తుంది. ఒక్క నిమిషం ఆపమన్నాను, మోటారు చల్లబడాలని. ఆ మెట్టు మీద మోకాలు పట్టుకుని నేను కూర్చున్నంతసేపే అదీ కూర్చుంది. వెనక నుంచి తాత, "ఏడుస్తోందా అది?" అన్నాడు. "లేదు, ఊపిరి పీల్చుకుంటోంది" అన్నాను.

మూడోసారి గొంతు లావుగా మొదలై, ఉన్నట్టుండి సన్నబడింది. ముందు చక్రాలు ఎక్కాయి. "ఇప్పుడు వదలొద్దు, నెమ్మదిగా, నెమ్మదిగా" అన్నాను. కరాసావా గారు వేలితో అలా పట్టుకున్నారు, గుడ్డు పట్టుకున్నట్టు. వెనక చక్రాలు కూడా ఎక్కాక అది మళ్ళీ పాట అందుకుంది. దూరమయ్యేకొద్దీ వినడానికి నేను లోపలికి వంగాను. ఎవరూ నన్ను వెనక్కి లాగలేదు.

తర్వాత అసలు వినపడలేదు. దారం మాత్రం నా వేళ్ళ మధ్య జరుగుతోంది. ఆగింది. ఆగినప్పుడు అందరూ నా ముఖం చూస్తున్నారు, నేను దారం చూస్తున్నాను.

అప్పుడు దారం రెండుసార్లు గుంజుకుంది.

పైపు ఆ సాయంత్రానికే లాగేశావని విన్నాను. ముప్పై ఏళ్ళు దుంగలు లాగిన చేతులు.

వచ్చే బుధవారంతో విభాగం మూస్తున్నారు. కార్బన్లు పన్నెండు జతలు ఒక టీ డబ్బాలో వేసి కరాసావా గారికి పంపాను. ఆయన ఆయుష్షుకు సరిపోతాయి. ఆ తర్వాత బ్రష్‌లెస్సే కొనుక్కోమను, అదే మేలు.

చిజురు

*

నెబాజావా
జూన్ 11

చిజురుకు,

నిన్నటితో నాట్లు అయిపోయాయి. మూడిళ్ళ మడుల్లోనూ నీళ్ళు నిండుగా ఉన్నాయి. కప్పలు అరుస్తున్నాయని కరాసావా అన్నాడు.

మోటారు విప్పి చూశాం. కార్బన్లు సగం దాకా అరిగి ఉన్నాయి. ఒక్క ప్రయాణానికి ఇంతా అని అతను నోరు వెళ్ళబెట్టాడు. పాత బ్రష్‌లెస్ మళ్ళీ బిగించుకున్నాడు, ఏటి ఒడ్డున దానితోనే ఆడుతున్నాడు. నీది కడిగి, ఆరబెట్టి, నూనె పెట్టి గుడ్డలో చుట్టి దాచాడు. సొరంగానికి మాత్రం ఇదే అంటున్నాడు. నరసాముసలికి సంగతి చెప్పలేదట.

పలక నా పేరు పోయేదాకా చిత్రిక పట్టాను. కొంచెం పలచబడింది. అక్షరాలు తొమెకిచి తాత రాశాడు, చేతి వణుకుతో చి కాస్త వంకరగా వచ్చింది. నేను చెక్కాను. తగిలించబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

నీటి కావలి వంతు వచ్చే ఏడు కూడా మన ఇంటికే వేశారు. నాకు ఒక్కడికే వేశారో, మన ఇంటికి వేశారో అడిగాను. ఇంటికి అన్నారు. పోయిన నెలాఖరు నుంచి నీకు పని లేదు కదా. నీ గదిలో ముల్లంగి విత్తనాల బస్తాలు ఉన్నాయి, తీసేస్తాను.

గోడ మీద మేకు ఖాళీగా ఉంది. పలక నా దగ్గర ఉంది. తగిలించాల్సింది నేను కాదు.

ఇసాము